ఫర్లేదన్న మాట

బవేరియా తూర్పు కొసన, చెక్ సరిహద్దు కొండల్లో ఉన్న మా ఊళ్ళల్లో నోరారా మెచ్చుకునే అలవాటు లేదు. పెళ్ళికూతుర్ని చూసొచ్చినవాణ్ణి ఎలా ఉందిరా అని అడిగితే "ఫర్లేదు" అంటాడు. ఆవు కవల దూడల్ని ఈనినా ఫర్లేదే, గాదెలు పట్టనంత బార్లీ పండినా ఫర్లేదే. తిట్టకపోతే మెచ్చుకున్నట్టే అని మాకో సామెత కూడా ఉంది. ఇక బీరు సంగతి చెప్పనే అక్కర్లేదు. తాగినవాడు మగ్గు కింద పెట్టి, మూతి తుడుచుకుని, ఎటో చూస్తూ "ఫర్లేదు" అన్నాడంటే, కాచినవాళ్ళు ఆ రాత్రి కాళ్ళు బారజాపుకుని పడుకోవచ్చు.

ఆ మాట ఎవరన్నా ఒకటే, లోరెంజ్ అంటే మాత్రం వేరు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఈ ఊళ్ళ మధ్య బస్సు నడిపి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "బస్సు ఆగితే కదా ఎవరైనా ఎక్కడానికి" అంటాడు. ఏటా బీరుకు చేదునిచ్చే హాప్స్ కాయల కోతలు అయిపోయాక మా ఊరి పాటల బృందం ఒక చిన్న బస్సు మాట్లాడుకుని, చుట్టుపక్కల బీరు కాచే ఇళ్ళన్నీ చుట్టి వస్తుంది. ఆ యాత్రకు దారి గీసేది లోరెంజే, బస్సు నడిపేదీ అతనే.

ఇళ్ళు అని ఊరికే అనలేదు. మా దగ్గర బీరు కాచేది కంపెనీలు కాదు, కుటుంబాలు. ఊరందరికీ కలిపి ఒక కాపు కొట్టం ఉంటుంది. వంతులవారీగా అక్కడ కాచుకుని, ఎవరి నేలమాళిగకు వాళ్ళు తీసుకుపోయి పులియబెట్టుకుంటారు. తయారయ్యాక ఇంటి ముందు కర్రకు ఆరు కొనల నక్షత్రం వేలాడదీస్తారు. అది వేలాడుతున్నన్నాళ్ళూ ఆ ఇంటి ముందుగది ఊరందరిదీ. పీపాలు ఖాళీ అయితే నక్షత్రం దిగుతుంది, వంతు ఇంకో ఇంటికి పోతుంది.

యాత్రనాడు స్టీరింగు ముందు కూర్చునేవాడు చుక్క ముట్టకూడదు. అందుకని లోరెంజ్ ముందే సైకిలేసుకుని ఇల్లిల్లూ తిరిగి ఒక్కో మగ్గు రుచి చూసి వస్తాడు. ఫర్లేదంటే ఆ ఇల్లు మ్యాపులో ఎర్ర పెన్సిలెక్కుతుంది. అలా కాక, మగ్గు దించి "ఈ ఏడు మీకు వానలెలా ఉన్నాయి?" అని అడిగాడో, ఆ ఇంటివాళ్ళకు సంగతి తెలిసిపోతుంది. వానల గురించి అడిగించుకున్న ఇల్లు ఆ చలికాలమంతా తలెత్తుకోలేదు.

అలాంటి లోరెంజ్‌కి పోయిన క్రిస్మస్‌కి జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ ముక్కును కూడా పట్టుకుపోయింది. ఉప్పు, తీపి, పులుపు, చేదు నాలుకకు తగులుతాయి, అంతే. కాఫీ అంటే వేడి, బీరు అంటే చల్లన. బీరులో ఉండాల్సిన కాలిన రొట్టె కమ్మదనం, కొత్త గడ్డి వాసన, అన్నీ గోడ అవతలి మాటలైపోయాయి. ఒకనాడు పొయ్యి మీద పాలు మాడి ఇల్లంతా పొగ కమ్మితే, పక్కింటావిడ వచ్చి తలుపు బాదేదాకా అతనికి తెలియలేదు. కునుకు పట్టిందని ఆవిడతో అబద్ధం చెప్పాడు.

ఎవరితోనైనా చెప్పుకోవచ్చు కదా అంటారు. చెప్పడం మీకూ నాకూ తేలికే. బస్సు దిగిపోయాక ఆ మనిషికి లోకంలో మిగిలింది ఆ నాలుక ఒక్కటే. "రా లోరెంజూ, ముందు నువ్వు తాగి చెప్పు" అని కుర్చీ జరిపేవాళ్ళు రేపు జరపరు. కన్ను పోతే జాలిపడతారు, ముక్కు పోతే నవ్వుతారు. అతనికి ఆ నవ్వంటే చచ్చేంత సిగ్గు. అందుకని డాక్టరుకి కూడా చెప్పలేదు.

ఈ ఏడు రుచి చూడటానికి బయల్దేరి, దొంగ లెక్కలతో నెట్టుకొచ్చాడు. నురగ ఎంతసేపు నిలుస్తుందో చూడటం, రంగు చూడటం, పక్క బల్ల మీద తాగుతున్నవాళ్ళ మొహాలు చూడటం. పక్కవాడు రెండో మగ్గు అడిగితే లోరెంజ్ "ఫర్లేదు" అనేవాడు. పక్కవాడు సగం వదిలేసి టోపీ పెట్టుకుంటే వానల సంగతి అడిగేవాడు. ఇంటికొచ్చి మ్యాపు మీద ఎర్ర పెన్సిలు పెడుతుంటే చెయ్యి ఎవరిదో అనిపించేది. అయినా పెట్టాడు.

చిట్టచివర మిగిలింది ఐబెన్‌రాయిట్ అనే ఊళ్ళో వల్బుర్గా ఇల్లు. ఆ ఇంటిని చెప్పులు కుట్టేవాళ్ళిల్లు అంటారు. మా వైపు ఇంటిపేరు నిజంగా ఇంటికే ఉంటుంది, అందులో ఎవరు కాపురమున్నా సరే. ఆ ఇంట్లో చెప్పు కుట్టినవాణ్ణి చూసినవాళ్ళెవరూ ఇప్పుడు బతికి లేరు. వల్బుర్గా భర్త వెండెలిన్, లోరెంజ్ ఒకే బడిలో చదివారు. వెండెలిన్ ఈస్టర్‌కి ముందు, ఉపవాస దినాల్లో పోయాడు. ఇన్నేళ్ళూ కాపు అతను చూసుకున్నాడు, ఆమె ముందుగదిలో వడ్డించింది. ఇప్పుడు మొదటిసారి కాపు కూడా తనే కాచింది.

లోరెంజ్ వెళ్ళేసరికి నక్షత్రం ఇంకా కట్టలేదు. ముందుగదిలో నరపురుగు లేదు. చూద్దామంటే పక్క బల్లా లేదు, తాగేవాడి మొహమూ లేదు. వల్బుర్గా అతన్ని నేలమాళిగలోకి తీసుకెళ్ళి ఒక బోర్లించిన బుట్ట చూపించింది.

"కూర్చో లోరెంజూ. నువ్వలా నిలబడితే నాకు కంగారుగా ఉంది."

"నువ్వు తాగి చూశావా?"

"తాగాను. నాకైతే బాగానే ఉంది. కాకిపిల్ల కాకికి ముద్దు, నా మాట ఎవడిక్కావాలి?" ఆమె పీపా కుళాయి తిప్పి మగ్గు పట్టింది. "నిన్న మా మరిది ఆల్ఫోన్స్ మళ్ళీ వచ్చాడు. 'ఆడదానివి, నీకెందుకొదినా ఈ చాకిరీ, కాపు హక్కు మాకు రాసిచ్చెయ్' అని మొదలెట్టాడు. ఇహ విసిగిపోయి ఒకే మాట చెప్పాను. లోరెంజ్ ఫర్లేదంటే నక్షత్రం నేను కడతాను, వానల సంగతి అడిగితే నువ్వే పట్టుకుపో, మళ్ళీ నోరెత్తను అన్నాను."

"అంత మాట ఎందుకన్నావు?"

"ఇంకెవరి మాట మీద ఉండను చెప్పు? నువ్వు మొహమాటపడవని కదా."

లోరెంజ్ మగ్గు ఎత్తాడు. నురగ బాగానే ఉంది. రంగు బాగానే ఉంది. ఒక గుక్క, రెండో గుక్క. చల్లన, కొద్దిగా చేదు, అంతకు మించి నీళ్ళూ అంతే. ఆమె కళ్ళార్పకుండా అతని పెదాల వైపే చూస్తోంది. ఫర్లేదనేస్తే చాలు. కానీ ఆ మాట నాలుక దాకా వచ్చి ఆగిపోయింది. మిగతా ఇళ్ళల్లో పక్కవాడి మొహం చూసైనా అన్నాడు, ఇక్కడ అలా అనడానికి దేన్నీ చూడలేదు. వెండెలిన్ పీపాల ముందు కూర్చుని ఆ మాట ఉత్తినే వాడటానికి అతనికి నోరు రాలేదు. ఏదో ఒకటి అనాలి, ఆమె ఎదురుచూస్తోంది. దాంతో ఆ ఒక్క మాట దాచుకుని, తక్కినవన్నీ కుమ్మరించేశాడు.

"అబ్బ! ఏం చెప్పను వల్బుర్గా! అద్భుతం! నా జన్మలో ఇలాంటిది తాగలేదు. దేవదూతలు దిగొచ్చి కాచినా ఇంత బాగా రాదు. వెండెలిన్‌ని మించిపోయావు పో!"

ఆమె కుళాయి కింద కారిన చుక్కను గుడ్డతో తుడిచింది.

"అలాగా," అంది. "ఇంకో మగ్గు పొయ్యనా?"

"పొయ్యి, పొయ్యి! వద్దంటానా?"

పోసి అతని మొహంలోకి చూసింది. అతను దాన్నీ ఎత్తి దించకుండా తాగి, పొట్ట నిమురుకుని, ఆహా ఓహో అని లేచాడు. ఆమె గుమ్మం దాకా వచ్చి, "సైకిలు మీద జాగ్రత్త" అంది. కొండ దిగుతున్నంతసేపూ లోరెంజ్ మనసు హాయిగా ఉంది. మొగుడు పోయిన మనిషిని నొప్పించలేదు, ఆ మాట కూడా పాడుచెయ్యలేదు అనుకున్నాడు. తెలివితక్కువవాడి సంతోషం అలాగే ఉంటుంది.

మర్నాడు ఆదివారం. చర్చిలో పూజ అయ్యాక, ఏటా లాగే, దారి గియ్యడానికి స్నేహితులు ముగ్గురూ హూబెర్ట్ వంటింట్లో కూర్చున్నారు. హూబెర్ట్ ఒకప్పుడు మాంసం కొట్టు నడిపాడు, చేతిలో చాకు లేనిదే మాట్లాడలేడు. పాటల బృందాన్ని నడిపే రిటైరైన పంతులు ఓట్మార్ కూడా ఉన్నాడు. బల్ల మీద మ్యాపు పరిచి, మూలలు లేవకుండా ఒక పక్క ముల్లంగి పళ్ళెం, ఒక పక్క సాసేజ్ పెట్టారు.

"ఐబెన్‌రాయిట్‌కి మధ్యాహ్నం భోజనం వేళకి చేరదాం," అన్నాడు ఓట్మార్. "తిన్నాక పాడితే గొంతు నిండుగా ఉంటుంది."

"నీ గొంతు తినకముందూ అంతే, తిన్నాకా అంతే. కోసేముందు పంది అరిచినట్టే ఉంటుంది." హూబెర్ట్ ముల్లంగి ముక్కలు కోస్తూ లోరెంజ్ వైపు తిరిగాడు. "ఇంతకీ వల్బుర్గా కాపు ఎలా ఉందిరా?"

"బాగుంది."

"బాగుందంటే? ఆవిడతో ఏమన్నావు?"

"అద్భుతమన్నాను. దేవదూతలు దిగొచ్చి కాచినా రాదన్నాను."

హూబెర్ట్ చాకు ఆగిపోయింది. "ఎవరూ?"

"దేవదూతలు."

"ఓరి నీ అమ్మ కడుపు కాలా! మా అత్త వండిన బాతు బొగ్గయిపోతే నేనన్న మాట కదరా అది! మనలో ఎవడైనా బాగున్నదాన్ని పట్టుకుని అద్భుతమంటాడా? పాడె మీద ఉన్నవాణ్ణి అంటాం, మాడిపోయిన కూరని అంటాం."

ఓట్మార్ మెల్లిగా అడిగాడు. "అంత ఘోరంగా ఉందా? పాపమని అలా అన్నావా?"

అవునంటే ఆమె బీరు పాడైనట్టు, కాదంటే మరి ఆ మాటలెందుకన్నట్టు? ఐబెన్‌రాయిట్‌లో పుట్టి పెరిగిన మనిషికి ఆ పొగడ్తలు ఎలా వినబడి ఉంటాయో లోరెంజ్‌కి అప్పుడు తట్టింది. ఆమె గుడ్డతో కుళాయి తుడవడం, రెండో మగ్గు పోసి అతని మొహంలోకి చూడటం, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి. చెవులు కాలిపోయాయి. చెప్పెయ్యాలనుకుంటూ ఉండగానే గోడ మీది ఫోను మోగింది.

హూబెర్ట్ తీశాడు. వల్బుర్గా గొంతు గదంతా వినబడుతోంది.

"ఈసారి బస్సు మా ఇంటికి తిప్పకండి హూబెర్టూ. బీరు లేదు."

"లేకపోవడమేంటమ్మా? పీపాల నిండా ఉందిగా?"

"ఉంది, పారబోస్తున్నాను. జనానికి పోసి పరువు తీసుకోలేను. లోరెంజ్‌ని ఏమీ అనకండి, మంచివాడు. నా మొహం చూసి చెప్పలేకపోయాడు."

ఫోను పెట్టేసింది. మంచివాడన్న మాట లోరెంజ్‌కి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. కుర్చీ తోసుకుని లేచాడు. "కారు తియ్యి. ఆపాలి. పదండ్రా!"

ఐబెన్‌రాయిట్ దారిలో మలుపులన్నీ అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఈ మలుపు దాటాక చెబుదాం, ఆ మలుపు దాటాక చెబుదాం అనుకుంటూనే అన్నీ దాటిపోయాయి. ఎదురుగా ఊరి గడియార స్తంభం కనబడింది.

వీధి మొదట్లోనే హూబెర్ట్ బ్రేకు వేశాడు. జనం గుమ్మాల్లో నిలబడి ఉన్నారు. హూబెర్ట్ కారు అద్దం దించి, లోపలికి గాలి పీల్చి, "అయిపోయింది" అన్నాడు.

"ఏమయిపోయింది? ఎందుకాపావు?" లోరెంజ్ ముందు సీటును పట్టుకుని ఊపాడు. "పోనియ్యరా! ఇంకా మొదలెట్టి ఉండదు, తొందరగా పోతే ఆపొచ్చు!"

ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు.

"వీధి వీధంతా గుప్పుమంటోంది కదరా," అన్నాడు ఓట్మార్. "నీకు వాసన రావట్లేదా?"

"ఏం వాసన?"

అడిగాక గాని, ఏమడిగాడో తెలియలేదు. కిటికీలోంచి కిందకి చూశాడు. రోడ్డు పక్క కాలువలో తెల్లటి నురగ తేలుతూ పోతోంది. ఒక కుక్క నాకుతోంది. హూబెర్ట్ ఇంజను ఆపేశాడు. అతను ఏదైనా వేళాకోళం చేస్తాడేమోనని లోరెంజ్ భయపడ్డాడు. చెయ్యలేదు. చేసి ఉంటే బాగుండేది.

పెరట్లో పీపాలన్నీ బిరడాలు లాగేసి, పక్కకి పడేసి ఉన్నాయి. వల్బుర్గా రబ్బరు బూట్లు వేసుకుని నీళ్ళ గొట్టంతో రాళ్ళు కడుగుతోంది. ముగ్గుర్నీ చూసి నీళ్ళు కట్టేసింది.

"ఎందుకొచ్చారు? బస్సు వద్దని చెప్పానుగా. రేపు ఆల్ఫోన్స్‌కి కబురు పెడతాను, నక్షత్రం పట్టుకుపొమ్మని."

హూబెర్ట్ ఒక్కో పీపా ఊపి చూశాడు. ఒకదాని అడుగున కొంచెం చప్పుడైంది. మెట్ల మీద ఉన్న మగ్గు తీసుకుని, పీపా ఒంచి, పట్టినంత పట్టాడు. సగం కూడా రాలేదు. వాసన చూశాడు. ఒక గుక్క తాగాడు. ఎటో కొండవైపు చూస్తూ నిలబడి, మగ్గును ఓట్మార్‌కి ఇచ్చాడు. ఓట్మార్ మిగిలింది తాగి, మగ్గు మెట్టు మీద పెట్టి, మూతి తుడుచుకున్నాడు.

"ఫర్లేదు," అన్నాడు హూబెర్ట్.

"ఫర్లేదు," అన్నాడు ఓట్మార్.

వల్బుర్గా ఇద్దరి వంకా మార్చి మార్చి చూసింది. కడిగిన రాళ్ళనీ, దొర్లిపడిన పీపాలనీ చూసింది. తర్వాత మెట్టు మీద కూలబడింది.

"మరి నువ్వెందుకలా అన్నావు?" అని లోరెంజ్‌ని అడిగింది. కోపంగా అడగలేదు, నిజంగా తెలియక అడిగింది. "బాగున్నదాన్ని పట్టుకుని అలా అంటే నేనేమనుకోవాలి?"

"నాకు వాసన పోయింది వల్బుర్గా." నేల చూస్తూ చెప్పాడు. "రుచి కూడా. ఏమీ తెలియడం లేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. నీ చేత ఇదంతా పారబోయించాను."

"తెలియడం లేదు అని ఒక్క మాట చెబితే ఏం పోయేదయ్యా! ఇంకెవర్నో పిలుచుకునేదాన్ని కదా!"

ఆమె అరిచినా, ఆ గొట్టం తీసుకుని కొట్టినా సంతోషించేవాడు. ఇక అబద్ధాలు చాలు, ఏమడిగినా ఉన్నదున్నట్టు చెప్పేస్తాను, ఊరందరికీ చెప్పేస్తాను అని లోపల ఒట్టు పెట్టుకున్నాడు.

వల్బుర్గా ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తింది.

"ఎప్పట్నించి?"

అతను నోరు తెరిచేలోపే, ఆమె మళ్ళీ అంది. "ఉపవాస దినాల్లో నువ్వు మా ఆయన్ని చూడ్డానికి వచ్చావు. మంచం మీంచి లేవలేకపోతున్నాడు. ఆ ఆఖరి కాపు నీకే పోయించాడు. తను గుక్క మింగే స్థితిలో కూడా లేడు. నువ్వు తాగి, ఫర్లేదన్నావు. ఆ రాత్రి నా చెయ్యి పట్టుకుని 'విన్నావా, లోరెంజ్ ఫర్లేదన్నాడు' అని ఎన్నిసార్లు అన్నాడో. దాన్ని ఇంకెవరూ తాగలేదు లోరెంజూ. ఆయన పోయాక పీపా అలాగే ఒంపేశాను, చూడలేక. నీ మాటొక్కటే మిగిలింది నాకు." ఆమె తడి చేతుల్ని ఒళ్ళో తుడుచుకుంది. "అప్పటికి నీ ముక్కు ఉందా?"

క్రిస్మస్ జ్వరం, మాడిన పాలు, వెండెలిన్ మంచం పక్కన చల్లగా చేదుగా మింగిన ఆ గుక్క, అన్నీ లోరెంజ్‌కి గుర్తొచ్చాయి. నిజం చెప్పాలని మొదటిసారి గట్టిగా అనుకున్న రోజు ఇది. స్నేహితులిద్దరూ చూస్తున్నారు. ఆమె అతని పెదాల వైపే చూస్తోంది, నిన్న నేలమాళిగలో చూసినట్టే.

"ఉంది," అన్నాడు. "ఈస్టర్ తర్వాత పోయింది."

ఇంకొక్క మాట కలపలేదు. తక్కువ మాటల్లో చెప్పాడు కాబట్టి ఆమె నమ్మింది. కళ్ళు తుడుచుకుని, తేలిగ్గా ఊపిరి వదిలి, "చాల్లే, ఆ ఒక్కటీ దక్కింది" అంది. లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. "చెప్పేశావు, మంచిదైంది లోరెంజూ. నక్షత్రం ఆల్ఫోన్స్‌కి ఇవ్వను. మళ్ళీ కాస్తాను."

ఆ చేతి కింద లోరెంజ్ కదలకుండా నిలబడ్డాడు. భుజం దులుపుకోవడానికి లేదు, తలెత్తడానికి లేదు. ఆమె వెళ్ళి మళ్ళీ నీళ్ళు వదిలింది. అతను గోడకానించి ఉన్న చీపురు తీసుకుని, మిగిలిన నురగను కాలువలోకి ఊడవడం మొదలెట్టాడు.